వింతజీవికి ఊరుండాలి

చీకట్లో ఒంటరిగా నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు. మనం ఆగితే అదీ ఆగుతుంది, కదిలితే కదులుతుంది. జపాన్‌లో నారా ప్రాంతపు జనం ఆ చప్పుడుకు బెతొబెతొ-సాన్ అని పేరు పెట్టారు. వదిలించుకునే ఉపాయమూ చెప్పారు. దారి పక్కకు జరిగి, 'బెతొబెతొగారూ, ముందు తమరు పదండి' అనాలి. చప్పుడు మనల్ని దాటి వెళ్లిపోతుంది.

ఇలాంటి వింతజీవులను అక్కడ యోకాయి అంటారు. మన పిల్లలు టీవీలో, ఫోన్లలో చూసే జపాన్ జీవుల్లో చాలావాటి పుట్టిల్లు ఇదే. పోకెమాన్‌లోని నైన్‌టేల్స్, నరుటో ఒంట్లో బందీగా ఉన్న కురామ తొమ్మిది తోకల నక్క కథల్లోంచి వచ్చాయి. పోకెమాన్‌లోనే ఉన్న ఫ్రాస్‌లాస్ వెనక యుకి-ఒన్నా ఉంది. మంచు తుఫానులో బాటసారుల ప్రాణం తీసే తెల్లని స్త్రీ ఆమె. మరో పోకెమాన్ విస్కాష్ వెనక ఉన్నది నమజు, నేల కింద కదిలి భూకంపం తెస్తుందని నమ్మిన పెద్ద చేప. ఈ జీవులకు రూపం ఒక్కటే వారసత్వంగా రాలేదు. వాటిని కల్పించే పద్ధతి కూడా వచ్చింది, అసలు సంపద అదే.

ఆ పద్ధతిలో మొదటి మెట్టు, ఒంటికి తెలిసిన ఒక అనుభవం. వాగు ఒడ్డున ఎవరో గింజలు కడుగుతున్నట్టు గలగల వినిపిస్తే అది అజుకి-అరాయి. అర్ధరాత్రి చెక్క ఇల్లు కిర్రుమంటే యనారి. రాత్రి దారిలో ఉన్నట్టుండి కాలు ముందుకు పడకపోతే కనిపించని గోడ, నురికబె. కర్రతో ఆ గోడ కింది భాగాన్ని కొడితే దారి వస్తుందని, పైభాగాన్ని ఎంత కొట్టినా లాభం లేదని చెప్పుకున్నారు. అంత కచ్చితంగా చెప్పబట్టే కథ నమ్మాలనిపిస్తుంది.

రెండోది నియమం. కప్పా నదుల్లో ఉంటుంది, పిల్లలను, గుర్రాలను నీళ్లలోకి లాగుతుంది. దాని నడినెత్తిన పళ్లెంలాంటి గుంట, అందులో నీళ్లు, ఆ నీళ్లలోనే బలం. దోసకాయలంటే ప్రాణం. మర్యాద ఎరిగిన జీవి కూడా. మనం వంగి నమస్కరిస్తే అదీ వంగుతుంది, నెత్తిమీది నీళ్లు ఒలికి నీరసించిపోతుంది. చోటు, బలం, ఇష్టం, బలహీనత అన్నీ ఇందులో ఉన్నాయి. ఆటలు తయారుచేసేవాళ్లు ఈనాటికీ వెతుక్కునేవి ఇవే. లోతు నీళ్ల దగ్గర జాగ్రత్త అని పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు, కథే కాపలా కాస్తుంది. తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న మనవాళ్లకు ఇలాంటి నియమం ఇచ్చే ధైర్యం కొత్తేమీ కాదు.

మూడోది, ఒక్కో జీవికి ఒక్కో పుట. పాత బొమ్మల చుట్టల్లో యోకాయిలు గుంపుగా ఊరేగుతూ కనిపించేవి. ఎడో నగరానికి చెందిన చిత్రకారుడు తొరియామా సెకియెన్ 1776లో అచ్చువేసిన పుస్తకంలో వాటిని విడదీసి, ఒక్కోదానికి బొమ్మా పేరూ ఇచ్చాడు. 1784 దాకా ఆ వరుసలో ఇంకా పుస్తకాలు తెచ్చాడు, కొన్ని జీవులను తానే కల్పించాడు. వందేళ్లు వాడిన వస్తువుకు ప్రాణం వస్తుందన్న పాత నమ్మకం చివరి పుస్తకానికి ఊతమైంది. 1996లో పోకెమాన్ తొలి ఆటలు 151 జీవులతో వచ్చినప్పుడు వాటి పట్టికలోనూ ఇదే అమరిక: పేరు, బొమ్మ, నాలుగు ముక్కల వివరం.

ఈ సంపద మన కాలం దాకా నిలిచిందంటే, విన్నది విన్నట్టు పట్టుకున్నవాళ్లు ఉండబట్టే. యనగితా కునియో ఇవాతే ప్రాంతంలోని తోనో కథలను 1910లో పుస్తకం చేశాడు. సకాయిమినాతోలో పెరిగిన మిజుకి షిగెరు చిన్నప్పుడు నొన్నొన్‌బా అనే ముసలమ్మ దగ్గర యోకాయి కథలు విన్నాడు. యుద్ధంలో ఎడమ చెయ్యి పోయినా, మిగిలిన చేత్తో కితారో అనే పాత్రతో యోకాయి బొమ్మల కథలు గీశాడు. ఇవాళ అందరూ గుర్తుపట్టే నురికబె రూపం ఆయన ఇచ్చిందే.

2020లో కరోనా వచ్చినప్పుడు జపాన్ జనం అమబియెను మళ్లీ తలుచుకున్నారు. 1846లో హిగో ప్రాంతపు సముద్రంలో కనిపించి, రోగాలు వ్యాపిస్తే తన బొమ్మ గీసి జనానికి చూపమందని అచ్చుకాగితం చెప్పిన జీవి అది. వేలమంది దాని బొమ్మలు గీసి పంచుకున్నారు. ఆరోగ్యశాఖ కూడా జాగ్రత్తల ప్రచారానికి దాన్నే వాడుకుంది. చేతకాని వేళ మనిషికి చేయడానికి ఒక పని చూపడం యోకాయి చేసే మేలు.

కొత్త జీవిని కల్పించాలనుకునే మన రచయితలకూ చిత్రకారులకూ ఇక్కడ గట్టి పాఠం ఉంది. కోరలు, కొమ్ములు తర్వాత గీయవచ్చు. అది ఏ ఊరిది, ఏ చప్పుడులోంచి పుట్టింది, ఎదురైతే ఏం చేయాలి అన్న మూడు ప్రశ్నలకు ముందు జవాబు ఉండాలి. ఆ జవాబులు మన అమ్మమ్మల దగ్గర ఉన్నాయి, వెంటనే అడిగి రాసుకోవాలి.