సీటు ఎత్తు చూసే కన్ను

కరీంనగర్‌లో సైకిల్ దుకాణం ముందు నిలబడి పని చూడటం నాకెంతో ఇష్టం. మంచి మేస్త్రీ పిల్లవాణ్ణి సీటు మీద కూర్చోబెట్టి, మడమను పెడల్ మీద పెట్టించి, పెడల్‌ను పూర్తిగా కిందికి తిప్పి మోకాలు చూస్తాడు. కాలు నిటారుగా సాగాలి. అప్పుడే పాదం ముందు భాగంతో తొక్కేటప్పుడు మోకాలికి కాస్త వంపు మిగులుతుంది. పానాతో బోల్టు వదులు చేసి, సీటును వేలెడంత పైకి లాగి మళ్లీ బిగిస్తాడు. విద్యంతా ఆ వేలెడు ఎత్తులోనే ఉంది! సీటు మరీ కిందికుంటే మోకాలిచిప్ప మీద భారం, మరీ పైకుంటే నడుము అటూ ఇటూ ఊగుడే. సరిగ్గా కుదిరితే తొడలు, పిరుదులు, పిక్కలు పనిని పంచుకుంటాయి. కోణం కొలిచే పరికరమేదీ లేకుండా కంటితోనే ఇంత పట్టుకోవడం గొప్ప పనితనం.

కూర్చునే తీరే మారిస్తే ఏమవుతుందో 1933లో ఫ్రాన్స్ చూసింది. వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాచి తొక్కేలా షార్ల్ మోషే చేసిన సైకిల్ మీద ఫ్రాన్సిస్ ఫోర్ గంటలో 45.055 కిలోమీటర్లు వెళ్లాడు. గాలి అడ్డు తగ్గడమే కిటుకు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం అలాంటి సైకిళ్లను పోటీల నుంచి తప్పించింది. నాకది అన్యాయమే అనిపిస్తుంది.

అయితే నిర్మల్ దాటి ఆదిలాబాద్ వైపు మహబూబ్ ఘాట్ ఎక్కాలంటే ఆ సైకిల్ చెమటలు పట్టిస్తుంది. లేచి నిలబడి ఒంటి బరువు పెడల్ మీద వేసే వీలుండదు. వీపు సీటుకు ఆనించి, చిన్న గేరులో, ఒక్క కాళ్ల బలంతోనే నిదానంగా ఎక్కాలి.