గాలిని ఫోటో తీసినవాళ్లు

జాన్ డేనియల్స్‌కి కెమెరా కొత్త. అమెరికాలో కిట్టీ హాక్ పక్కన, కిల్ డెవిల్ హిల్స్ ఇసుక తీరంలో, ఓడలు చిక్కుకుంటే మనుషుల్ని కాపాడే దళంలో అతనిది ఉద్యోగం. 1903 డిసెంబర్ 17 ఉదయం ఆర్విల్ రైట్ కెమెరాని స్టాండు మీద బిగించాడు. తమ ఎగిరే యంత్రం పట్టా వదిలి ఎక్కడ లేస్తుందనుకున్నాడో అక్కడికి గురిపెట్టాడు. షట్టరు నొక్కే రబ్బరు బుడ్డిని డేనియల్స్ చేతికిచ్చి, తను వెళ్లి కింది రెక్క మీద బోర్లా పడుకున్నాడు. యంత్రం లేచింది, డేనియల్స్ నొక్కాడు. నొక్కానో లేదో తనకే గుర్తులేనంత కంగారుపడ్డాడని చెబుతారు. డేటన్‌లో ఇంటికి చేరి ఆ గాజుపలకను కడిగేదాకా రైట్ అన్నదమ్ములిద్దరికీ కూడా తెలియదు, బొమ్మ పడిందో లేదో.

పడింది. విమానాల ఫోటోల్లో దానికి మించినది ఇప్పటికీ రాలేదని నా అభిప్రాయం.

ఎందుకో చెప్పాలంటే బొమ్మను మూలమూలలా చూడాలి. యంత్రం నేల నుంచి రెండడుగులు లేచింది, అంతే. ఆ రెండడుగుల ఖాళీయే బొమ్మకు ప్రాణం. ఇంకో పదడుగులు పైకి పోయి ఉంటే మామూలుగా ఎగిరే వస్తువైపోయేది, అడుగే లేచి ఉంటే నమ్మబుద్ధయ్యేది కాదు. కుడి రెక్క పక్కన ఆర్విల్ అన్న విల్బర్ ఉన్నాడు. అప్పటిదాకా రెక్క నిట్టాడు పట్టుకుని వెంట పరిగెత్తినవాడు అప్పుడే చెయ్యి వదిలాడు. చేతిలో ఇక ఏమీ లేదు, ఒళ్లు మాత్రం ఇంకా పరుగులోనే ఉంది. యంత్రం పరిగెత్తిన పట్టా, రెక్కకు ఆనించిన బల్ల, తీగచుట్టల పెట్టె, చిల్లర సామాను అలాగే పడి ఉన్నాయి. ఎవరూ సర్దలేదు. ఫోటో కోసం ముస్తాబు చేసి ఉంటే ఆ సామాను ముందు తీసేసేవారు. అప్పుడు అది నమూనా బొమ్మ అయ్యేది. ఇప్పుడది పని మధ్యలో పట్టిన బొమ్మ.

ఆ ఎగురుడు 12 సెకన్లు, 120 అడుగులు. ఇవాళ్టి పెద్ద జెట్ విమానం ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకు అంతకంటే ఎక్కువే ఉంటుంది. 1913లో డేటన్‌ను వరద ముంచినప్పుడు ఆ పలక నీళ్లలో నానింది, ఒక మూల దెబ్బతింది. యంత్రానికీ విల్బర్‌కీ మాత్రం ఏమీ కాలేదు.

నేనుండేది కొయ్యూరులో. ఈ ఫోటో నా ఫోన్‌లో ఉంది. విమానం ఎక్కనివాళ్లే ఎక్కువ మా మండలంలో. ఎవరికి చూపించినా ముందు వచ్చే ప్రశ్న ఒక్కటే: ‘ఆ పక్కన ఆయన ఎవరు, ఎందుకు పరిగెడుతున్నాడు?’ యంత్రం గురించి ఆ తర్వాతే. ఈ ప్రశ్న వినీవినీ నాకు కుదిరిన మాట ఇది: విమానం బొమ్మలో జనాన్ని పట్టేది విమానం కాదు. దాన్ని ఏదో మోస్తోందని కళ్లకు తెలియడం. మోసేది గాలి. గాలి కనపడదు గనక అది ఎవరి మీదో దేని మీదో పడి కనపడాలి. విల్బర్ ఒళ్లు ముందుకు వంగడంలో ఆ గాలి ఉంది.

విమానాల పిచ్చి ఉన్నవాళ్ల లెక్క వేరు. వాళ్లకు తోక మీది రిజిస్ట్రేషన్ నంబరు చదవడానికి వీలుగా ఉండాలి, ఒక్కో మేకు విడిగా కనపడాలి, రెక్క కొస ఫ్రేములో తెగకూడదు. అది గుమస్తా శ్రద్ధ. దాన్ని తక్కువ చెయ్యను. కానీ అంత శుభ్రంగా తీసిన ఫోటోని మామూలు మనిషి ‘బాగుంది’ అనేసి వేలితో పక్కకు తోసేస్తాడు.

డేనియల్స్‌కి పూర్తి ఎదురు కొసన జాన్ గే ఉన్నాడు. అమెరికా నావికాదళంలో ఫోటోలు తీయడమే అతని వృత్తి. 1999 జులై 7న పసిఫిక్ సముద్రంలో కాన్‌స్టెలేషన్ అనే విమానవాహక నౌక మీద నిలబడి, పక్కనుంచి దూసుకుపోయే ఎఫ్/ఎ-18 హార్నెట్ కోసం కాచుకున్నాడు. అతను తీసిన ఫోటోలో యుద్ధవిమానం చుట్టూ గుండ్రటి తెల్ల మేఘం గొడుగులా విచ్చుకుని ఉంటుంది. ముక్కు, కాక్‌పిట్ అందులోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. మరుసటి ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో సైన్స్ విభాగంలో దానికి మొదటి బహుమతి వచ్చింది. పాతికేళ్లుగా లోకమంతా తిరుగుతోంది, మన తెలుగు పేపర్ల ఆదివారం అనుబంధాల దాకా.

దాని కింద వేసే వ్యాఖ్య మాత్రం ఎప్పుడూ ఒకటే: శబ్దవేగాన్ని ఛేదిస్తున్న క్షణం. ఇందులో సగమే నిజం. ఆ మేఘం రావడానికి శబ్దవేగం దాటనక్కర్లేదు, దగ్గరికి వస్తే చాలు. అంత వేగంలో రెక్కల చుట్టూ కొన్నిచోట్ల గాలి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది. ఒత్తిడి పడితే గాలి చల్లబడుతుంది, అందులోని తేమ తుంపరలుగా మారుతుంది. ఒత్తిడి మళ్లీ పెరిగిన చోట తుంపరలు ఆవిరైపోతాయి. అందుకే ఆ మేఘానికి వెనక అంత కత్తిరించినట్టు అంచు. ఉప్పుగాలి తేమ లేని ఎడారి మీద ఇదే విమానం ఇదే వేగంతో పోతే ఇంత మేఘం కట్టదు. వ్యాఖ్య తప్పైనా జనం బొమ్మను వదల్లేదు. వాళ్లకు కావలసింది వేగం లెక్క కాదు. గాలికి రూపం ఉందని అక్కడ మొదటిసారి చూశారు.

గే పనితనం ఎక్కడుందంటే, మిగతాదంతా వదిలెయ్యడంలో. వెనక ఇంకో ఓడ లేదు, తీరం లేదు. బూడిదరంగు సముద్రం, ఆకాశం, మేఘం, యంత్రం. విమానం చప్పుడు వినపడేసరికే అది దాదాపు మీదికి వచ్చేసి ఉంటుంది గనక, చెవిని నమ్ముకుంటే ఆ ఫోటో రాదు. కంటితో దూరం నుంచే పట్టుకుని, కెమెరాని దానితో పాటు తిప్పుకుంటూ రావాలి.

మా ఆకాశంలో ఇలాంటివేమీ జరగవు. నర్సీపట్నం నుంచి కృష్ణదేవిపేట దాటి వస్తే కొండల మధ్య మా ఊరు. విమానం ఎప్పుడూ చాలా ఎత్తులోనే. చలికాలం పొద్దున మంచు విడిచాక చూస్తే ఒక్కోసారి తెల్లటి చార. సుమారు ఎనిమిది కిలోమీటర్లు దాటిన ఎత్తులో, మైనస్ 40 డిగ్రీల చలిలో, ఇంజిన్ వదిలిన ఆవిరి మంచు పలుకులై నిలిచిపోతుంది. గాలి పొడిగా ఉంటే చార పొట్టిగా వచ్చి మాయమవుతుంది, తేమగా ఉంటే కొండ ఈ కొస నుంచి ఆ కొసకు పరుచుకుంటుంది. పిల్లలు సెల్‌ఫోన్‌తో తీస్తే ఉత్త నీలంలో సున్నం గీత పడుతుంది, చూసినవాళ్లు మెచ్చరు. అదే జీలుగు చెట్టు మట్టల సందులోంచి చార కనపడేట్టు, కింద కొండ అంచు కొంచెం మిగిలేట్టు తీస్తే అందరూ ఆగి చూస్తారు. చెట్టు ఎంతుంటుందో వాళ్లకు తెలుసు. దాన్నిబట్టి ఆ ఎత్తు అర్థమవుతుంది.

దగ్గర్నుంచి చూడాలంటే విశాఖకు దిగాలి. అక్కడ విమానాశ్రయం నావికాదళంది. రక్షణశాఖ స్థావరం, కెమెరా తియ్యకూడదు. సామాన్యుడికి దొరికే అవకాశం ఆర్కే బీచ్‌లో నేవీ వాళ్లు జరిపే విన్యాసాలే. 1971లో కరాచీ రేవు మీద దాడికి గుర్తుగా డిసెంబర్ 4న నేవీ డే. 2022లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వచ్చి చూసింది ఈ తీరంలోనే. కొన్నేళ్లుగా ప్రధాన వేడుక వేరే ఊళ్లకు కూడా వెళుతోంది గానీ, ఫోటో తీసేవాళ్లకు విశాఖను మించిన చోటు అరుదు. బీచ్ తూర్పు ముఖం. విన్యాసాలు సాయంత్రం. అంటే సూర్యుడు మన వీపు వెనక, ఊరి మీద ఉంటాడు. సముద్రం మీద వచ్చే ప్రతి విమానం మీదా నేరుగా వెలుగు పడుతుంది. పొద్దున్న అదే చోట నిలబడితే ఎండ కంట్లో కొడుతుంది, విమానం నల్లటి మచ్చగా మిగులుతుంది. డిసెంబర్‌లో పొద్దు అయిదుంపావు దాటేసరికి గూట్లో పడుతుంది. చివరి అరగంటలో వెలుగు బంగారు రంగుకు తిరిగి, ఎంత వేగంగా తిరిగిందో అంత వేగంగా పోతుంది. ఆ అరగంటలో షట్టరు వేగం తగ్గించుకుంటూ రావాలా, బొమ్మలో నలుసులు పెరిగినా సరే అనుకోవాలా అన్నదే అసలు పేచీ.

షట్టరు దగ్గరే చాలామంది చేతులారా పాడుచేసుకుంటారు. జెట్ విమానానికి సెకనులో వెయ్యో వంతు పెట్టాలి, నిజమే. అదే అలవాటుతో హెలికాప్టర్‌నీ తీస్తారు. పైన తిరిగే రెక్కలు కదలకుండా కర్రల్లా పడతాయి. చూసినవాడికి ఎందుకో తెలియదు గానీ అది కింద పడిపోబోతోందనిపిస్తుంది. నూటపాతికో వంతుకు, ధైర్యముంటే అరవయ్యో వంతుకు దిగితే రెక్కలు పలచటి పళ్లెంలా పడి యంత్రం బతుకుతుంది. పొడవాటి లెన్సుతో అంత నెమ్మది షట్టరు అంటే చెయ్యి వణకకూడదు. పది తీస్తే తొమ్మిది పారేసుకోవాలి. ఆ పారబోత దాచుకునేదేం కాదు, పనిలో భాగమే.

హెలికాప్టర్ నీళ్ల మీద తక్కువ ఎత్తులో నిలిచి తాడుతో మనిషిని దించేటప్పుడు చూడండి. రెక్కల కింది గాలి సముద్రాన్ని వలయంగా నొక్కుతుంది. వలయం అంచున తుంపర లేస్తుంది. మనిషి తాడు మీద పక్కకు ఊగుతాడు. యంత్రాన్ని ఫ్రేములో పైకి నెట్టి, కింద ఆ వలయానికి చోటిచ్చినవాడి ఫోటో నిలుస్తుంది. యంత్రాన్ని నట్టనడుమ పెట్టి వలయం కోసేసినవాడిది నిలవదు. 2024 జూన్‌లో విశాఖలోని నావికాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగాలో యుహెచ్-3హెచ్ సీకింగ్‌లకు వీడ్కోలు చెప్పారు. జలాశ్వ నౌకతో పాటు అమెరికా నుంచి వచ్చిన భారీ హెలికాప్టర్లవి. ఎగిరేటప్పటి ఫోటోలు ఇక తీసినవే ఉంటాయి, కొత్తవి రావు.

బీచ్ రోడ్డు మీద ఎగరని విమానం ఒకటుంది. టీయూ-142. నావికాదళంలో ఈ రకం విమానాలు 29 ఏళ్లు, ప్రమాదం లేకుండా 30,000 గంటలు ఎగిరి 2017 మార్చిలో అరక్కోణంలో సేవ ముగించాయి. అదే ఏడాది డిసెంబర్ 7న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఇక్కడున్నదాన్ని మ్యూజియంగా ప్రారంభించారు. పక్కనే ఇసుకలో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి. ఒకటి జలాంతర్గాముల్ని వేటాడే విమానం, రెండోది జలాంతర్గామి. వేటా వేటగాడూ ఒకే రోడ్డు మీద టిక్కెట్లు అమ్ముకుంటున్నారన్నమాట. అందరూ దీన్ని ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే ఫ్రేములో పట్టాలని చూస్తారు. 50 మీటర్ల రెక్కలు, 53 మీటర్ల పొడవు. వెడల్పు లెన్సులో రెక్క వంకరపోతుంది, చివర్లు సన్నబడతాయి. మొత్తం మీద ఆశ వదులుకుని ఒక్క ఇంజిన్ దగ్గర ఆగాలి. నాలుగు ఇంజిన్లు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి రెండేసి ప్రొపెల్లర్లు, అవి ఎదురెదురు దిశల్లో తిరుగుతాయి. ఒక్కోదానికి నాలుగు రెక్కలు, మొత్తం 32. తిరిగినన్నాళ్లూ వాటిని ఎవరూ లెక్కపెట్టలేదు, ఇప్పుడు పిల్లలు వేలు చూపించి లెక్కపెడుతున్నారు. ముందు వరస సందుల్లోంచి వెనక వరస కనపడేట్టు, కింద ఒక మనిషి నిలబడేట్టు తీస్తే అయిదున్నర మీటర్ల వ్యాసం అంటే ఎంతో తెలుస్తుంది. సెల్ఫీలు తీసుకునేవాళ్లను ఫోటోగ్రాఫర్లు విసుక్కుంటారు గానీ, పక్కన మనిషి ఉండాలన్న సంగతి ఆ సెల్ఫీవాళ్లకే బాగా తెలుసు.

బేగంపేటలో జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనల సంగతి ఎక్కువ చెప్పను. 2024 జనవరిలో బోయింగ్ 777ఎక్స్‌నూ ఎయిరిండియా ఎ350నూ అక్కడ నిలబెట్టారు. మెరిసే చర్మం, చుట్టూ తాడు, పోజు. ఆ ఫోటోలు కేటలాగుకు పనికొస్తాయి. వాయుసేన విన్యాసాల దళం సూర్యకిరణ్ తొమ్మిది హాక్ విమానాలతో ఎక్కడ ఎగిరినా, రెండు విమానాలు ఎదురెదురుగా వచ్చి దాటుకునే ఫోటో ఎవరో ఒకరికి పడుతుంది. చాలావరకు అది మెమరీ కార్డు గొప్ప: సెకనుకు ఇరవై తీస్తే ఒకటి పడకపోదు. నాకు నచ్చేది ఆ తర్వాతి బొమ్మ. విమానాలు వెళ్లిపోయాక పొగ మిగులుతుంది. దాన్ని గాలి మెల్లగా మెలిపెడుతుంది.

విశాఖ బీచ్‌లో ఎవరూ తీయని ఫోటో ఒకటి చెప్పి వదిలేస్తాను. మిగ్-29కె యుద్ధవిమానం వచ్చే వేళకు కెమెరాలన్నీ సముద్రం వైపు తిరిగి ఉంటాయి. ఒక్కరు వెనక్కి తిరిగితే చాలు. రోడ్డు గోడ మీద జనం వరసగా, ఎండ కాస్త వాళ్ల భుజాల మీద. జెట్ దాటిపోయాక గానీ పెద్ద చప్పుడు రాదు. వచ్చిన క్షణాన సగం మంది చెవులు మూసుకుంటారు, పసిపిల్లలు తల్లి మెడలో ముఖం దాస్తారు, పెద్ద పిల్లలు చప్పుడు వచ్చిన వైపు వేలు చూపిస్తారు. అక్కడ విమానం ఉండదు. అది అప్పటికే భీమిలి వైపు తిరిగి ఉంటుంది, ఆ పిల్లల్లో ఒకడెవడో సరిగ్గా అటే చూస్తుంటాడు. ఆ ఒక్కడి మీద ఫోకస్ పెట్టాలి.