విషారణ్యాన్ని ఎవరు నాటారు?

బొమ్మల సినిమా గురించి సాహిత్య పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. బుర్రకథ సాహిత్యం కాదన్న పండితులకు ఒకప్పుడు మనమే జవాబు చెప్పాం. ఇక్కడా ఆ జవాబే చాలు.

హయావో మియజాకి తీసిన 'గాలి లోయ నౌసికా' 1984లో జపాన్‌లో విడుదలయింది. మొదటిసారి చూసినప్పుడు ముగింపు దగ్గర నా కళ్ళు చెమర్చాయి. రెండోసారి అదే చోట అనుమానం పుట్టింది. ఆ అనుమానం గురించే ఈ నాలుగు మాటలు.

పారిశ్రామిక నాగరికత ఏడు రోజుల అగ్నియుద్ధంలో కూలిపోయి వెయ్యేళ్ళయింది. భూమిని విషారణ్యం కమ్ముకొస్తోంది. ముసుగు లేకుండా ఆ గాలి పీలిస్తే చావే. ఓము అనే మహాకీటకాలు దానికి కాపలా. అడవిని తగలబెట్టి భూమిని తిరిగి గెలవాలని ఒక సామ్రాజ్య సైన్యం చిన్న గాలి లోయను ఆక్రమిస్తుంది. లోయ రాజకుమారి నౌసికా మాత్రం అడవిని శత్రువుగా చూడదు, పరిశోధిస్తుంది. కోట అడుగున ఒక గదిలో లోతైన బావి నీళ్ళతో, శుభ్రమైన మట్టితో ఆ విషపు మొక్కలనే పెంచుతుంది. అక్కడ అవి విషం చిమ్మవు. అంటే విషం మొక్కలో లేదు, మట్టిలో ఉంది. ఆ మట్టిని పాడుచేసింది మనుషులు. చిత్రంలో అన్నిటికంటే గొప్ప ఘట్టం నా దృష్టిలో ఇదే. ఇక్కడ దివ్యదృష్టి లేదు, ప్రయోగం ఉంది.

ఇంకొక ఘట్టం. బందీలయిన ముసలి రైతులు విషంతో బిగుసుకుపోయిన తమ చేతులను సేనాధిపతి కుషానాకు చూపిస్తారు. ఇవి కష్టపడి పనిచేసే చేతులని తమ రాజకుమారికి ఇష్టమంటారు. మియజాకి 1963లో టోయీ స్టూడియోలో చేరి, మరుసటి ఏడాదే అక్కడి కార్మిక సంఘ కార్యదర్శి అయ్యాడు. ఆ చేతులను గీసింది అలాంటి మనిషి.

మరి అనుమానం దేనికి?

ఈ కథకు మినమాటా ప్రేరణ అంటారు. అక్కడ చిస్సో కంపెనీ 1932 నుంచి 1968 దాకా పాదరసం కలిసిన వ్యర్థాలను సముద్రంలోకి వదిలింది. చేపలు తిన్న జాలరి కుటుంబాలు నరాలు దెబ్బతిని చనిపోయాయి. తల్లి గర్భంలోని శిశువులకూ విషం ఎక్కింది. 1956లో వ్యాధి అధికారికంగా బయటపడినా, కారణం కంపెనీయేనని ప్రభుత్వం ఒప్పుకోవడానికి 1968 దాకా పట్టింది. అక్కడ నేరస్తుడికి పేరుంది, చిరునామా ఉంది. సినిమాలో? 'పూర్వీకులు'. వెయ్యేళ్ళ దూరంలో నిలబెడితే యజమానీ కూలీ ఒకే పాపంలో భాగస్థులవుతారు. పైగా అడవి అడుగున చెట్లు విషాన్ని పీల్చి శుభ్రమైన ఇసుకగా రాల్చుతున్నాయట. ప్రకృతే కడిగేస్తుందన్నమాట! మినమాటా అఖాతం అడుగున పేరుకున్న పాదరసపు బురదను తవ్వి కప్పిపెట్టడానికి 1977 నుంచి 1990 దాకా మనుషులే పనిచేయవలసివచ్చింది.

ముగింపు మరీ ఘోరం. నౌసికా ఓముల గుంపుకు ఎదురునిలిచి ప్రాణం విడుస్తుంది. అవి తమ బంగారు తంతువులతో ఆమెను బతికిస్తాయి. పాత జోస్యం ఫలిస్తుంది. ప్రయోగశాలలో మొదలైన కథ గుడిలో ముగిసింది. పనిచేసే చేతులు దణ్ణం పెట్టడానికి మిగిలాయి.

ఇక్కడితో ఆగితే మియజాకికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. 1982లో ఆయన మొదలుపెట్టిన ఇదే పేరుగల బొమ్మల నవల సినిమా తర్వాతా సాగి 1994లో ముగిసింది. అందులో నౌసికాకు తెలిసే నిజం వేరు. విషారణ్యం దానంతటది మొలవలేదు, పాత నాగరికత మేధావులు పథకం ప్రకారం సృష్టించారు. ఇప్పటి మనుషుల శరీరాలను కూడా విషానికి తగినట్టు వాళ్ళే మార్చారు. భూమి శుద్ధి అయిననాడు వీళ్ళు ఆ స్వచ్ఛమైన గాలికి నెత్తురు కక్కుకుని చావాలి. కొత్త మానవులు గుడ్ల రూపంలో భద్రంగా ఉన్నారు. నౌసికా ఆ పథకాన్ని నెలకొల్పిన సమాధినే కూల్చేస్తుంది. అందుకు అబద్ధం ఆడుతుంది, చేతికి నెత్తురు అంటించుకుంటుంది. సినిమాలోని దేవత నవలలో బాధ్యత మోసే మనిషయింది. అడవిని నాటినవాళ్ళెవరో, ఎవరి చావును లెక్కలో వేసుకుని నాటారో పన్నెండేళ్ళకు ఆయన చెప్పగలిగాడు. కంపెనీ పేరు మాత్రం అందులోనూ లేదు.

సినిమా ఒక్కటే చూసి పర్యావరణ సాహిత్యం మీద వ్యాసాలు రాస్తున్న విద్యార్థి మిత్రులు ఆ ఏడు సంపుటాలూ చదవాలి. ఇంగ్లీషులో దొరుకుతాయి.