సేవావిరక్తి - ధూర్జటి శతకము

శ్రీకృష్ణదేవరాయల (1509-1529) ఆస్థానకవిగా ప్రసిద్ధిగన్న ధూర్జటి, శ్రీకాళహస్తీశ్వర శతకమున రాజసేవను నరకప్రాయమని నిందించెను. ఉద్యోగమున విసిగినవారు దీనిని రాజీనామాకు అనుమతిపత్రముగా చదువుట కద్దు. ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసిన మాకు అది సరిగా తోపదు. ప్రభువుల మదమును తూలనాడిన కవి, వారి వాకిళ్లకు తన్ను ద్రిప్పిన ఆశను సైతము గర్హించెను. శతకమునకు బలము ఆ ఆత్మపరీక్షయే.

అయితే లోపమును లేకపోలేదు. సంతానాపేక్షనే అవివేకమన్న విరాగికి నెలాఖరు బియ్యపు చింత యెక్కడిది? పొట్టచేతబట్టుకొని పరభాషాప్రాంతములకు వచ్చిన మన పెద్దలకు ఆ చింత తప్పలేదు; మన పిల్లలకును తప్పదు. కావున శతకము మనచే అడిగింపవలసిన ప్రశ్న యొక్కటే: అలసినది దేహమా, అభిమానమా? దేహమైనచో కొన్నాళ్ల సెలవు చాలును. అభిమానమైనచో, ఇంటివారితో ఆలోచించి, వేరొక జీవనాధారము చూచుకొని, విడుచుటయే మేలు.