సంహితలో లేని సందు

ఇంటిలోనికి ఎండ తాపము ఎంతవరకు రానీయవచ్చునో లెక్కకట్టి చెప్పు గ్రంథము ‘ఎకో నివాస్ సంహిత’. కేంద్ర విద్యుచ్ఛక్తి మంత్రిత్వశాఖ క్రింద పనిచేయు ఇంధన సామర్థ్య సంస్థ దీని మొదటి భాగమును 2018లో వెలువరించినది. గోడలు, కిటికీలు కలసి చదరపు మీటరుకు సగటున 15 వాట్లకు మించి వేడిని లోనికి పంపరాదనుట అందలి ముఖ్య నియమము. శీతల ప్రాంతములకు మాత్రము లెక్క వేరు. ఈ గ్రంథమును ప్రకాశం జిల్లా ముండ్లమూరులో ఒక కిటికీ ప్రక్క కూర్చుండి చదివినచో కొన్ని సందేహములు కలుగును.

మొదటి సందేహము చిన్నదే. ఈ నియమములు 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములకే వర్తించునని గ్రంథము చెప్పినది. అనగా పన్నెండు సెంట్ల పైమాట. మూడు నాలుగు సెంట్లలో ఇల్లు కట్టుకొనువానికి ఇందులో చోటులేదు. అయినను సూత్రములు భౌతికశాస్త్రమునకు చెందినవి. అవి స్థలము కొలత చూచి పనిచేయవు గదా!

రెండవది పెద్దది. సంహిత వాడిన సూత్రములో మూడు భాగములు కలవు: గోడగుండా ప్రసరించు వేడి, కిటికీగుండా ప్రసరించు వేడి, అద్దముగుండా సూటిగా వచ్చు ఎండ. గోడకు, కిటికీ చట్రమునకు నడుమనున్న అంచు, అనగా కిటికీ తలుపు తీయగానే ప్రక్కల కనబడు గోడ మందము, ఏ భాగములోను చేరలేదు. ఇది లోపమా?

చీమకుర్తి గనులు దగ్గరగా ఉండుటచే ఈ ప్రాంతమున కిటికీ చుట్టును గ్రానైటు పలకలు తాపుట వేడుక అయినది. పలక వెలుపలి ఎండనుండి లోపలి గదివరకు ఏకముగా సాగును. గ్రానైటు ఉష్ణవాహకత సుమారు 3; ఇటుకది 0.8, కొయ్యది 0.15 ప్రాంతము. విద్యార్థులు లెక్క చేసి చూడవచ్చును. కిటికీ నాలుగు ప్రక్కలు 1.2 మీటర్ల చొప్పున చుట్టుకొలత 4.8 మీటర్లు, పలక మందము 2 సెంటీమీటర్లు, గోడ మందము 23 సెంటీమీటర్లు, బయటకు లోపలకు 15 డిగ్రీల తేడా. పలకలగుండా వచ్చు వేడి సుమారు 19 వాట్లు. అదే కొయ్య అయినచో ఒక వాటు. తేడా ఇరువది రెట్లు! కాని పడమటి ఎండ నేరుగా పడు అద్దము చదరపు మీటరుకు కొన్ని వందల వాట్లను లోనికి పంపును. కనుక సంహిత ఈ అంచును విడిచినందుకు దానిని గట్టిగా నిందింపజాలము. నీడలేని అద్దమును వదలి గ్రానైటును తిట్టుట న్యాయము కాదు. (ఉదయమున చేయి ఆనించి ‘రాయి చల్లగా ఉన్నది’ అనువారు మోసపోవుచున్నారు. రాయి చేతి వేడిని త్వరగా లాగుకొనును, అంతే. ఉష్ణమాపకము పెట్టి చూచిన కొయ్యకు దానికి తేడా కనబడదు.)

అసలు దోషము రాతిలో లేదు, రాతి వెనుక నున్నది. ఇప్పుడు పెక్కుచోట్ల గోడ ముందు కట్టి, చట్రము తరువాత బిగింతురు. మిగిలిన సందులో ఇటుక ముక్కలు కుక్కి, పైన సిమెంటు పూసి మూయుదురు. తడి సరిగా పట్టని సిమెంటు కుంచించుకొనును. వేసవిలో కొయ్యయు కుంచించుకొనును. చుట్టును 3 మిల్లీమీటర్ల సందు ఏర్పడినదనుకొందము. 4.8 మీటర్ల పొడవున దాని వైశాల్యము 144 చదరపు సెంటీమీటర్లు. అనగా గోడకు జానెడుకు తక్కువగా, 12 సెంటీమీటర్ల చదరపు కన్నము పెట్టినట్లే. మధ్యాహ్నము తలుపులు మూసినను వడగాలి, దుమ్ము అటనుండియే వచ్చును. ఈశాన్య ఋతుపవనములలో వాన నీరును అదే దారి పట్టును. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్లూరు మండలములలో భూమి స్వల్పముగా కంపించినది. అట్టి కంపనములలో గోడకు బలహీనమైన చోట్లు కిటికీ మూలలే.

దీనికంతకు మేస్త్రీనే తప్పు పట్టవచ్చునా? భారత ప్రమాణసంస్థ వారి పూతపని కొలతల నియమములో ఒక చక్కని ఏర్పాటు కలదు. అర చదరపు మీటరు మొదలు మూడు చదరపు మీటర్ల వరకుగల కిటికీకి ఒక ముఖము వైశాల్యమునే తీసివేయుదురు. రెండవ ముఖము తీసివేయకుండుట అంచుల పూతకు ప్రతిఫలము. మన కిటికీకి 1.44 చదరపు మీటర్ల కూలి దక్కును. అంచుల వైశాల్యము సుమారు ఒకటి. చదునుగోడకంటె మూలలకు పట్టు అధిక కాలమునకు ఇది కొంత న్యాయమే. కాని ఊళ్లలో ఇంటి మొత్తమునకు చదరపు అడుగు లెక్కన కూలి మాటాడుకొందురు. ఆ లెక్కలో కిటికీ లేదు, అంచు లేదు. కూలి లేని చోట శ్రద్ధ ఉండునా? సంహిత పదార్థములను తూచినది గాని, పనిచేయు చేతిని ఎక్కడను లెక్కింపలేదు. నా దృష్టిలో దాని పెద్ద కొరత ఇదియే.

చివరి బాకీ చెల్లింపక ముందే పరీక్ష చేసికొనవలెను. రాత్రి గదిలో దీపమార్పి, బయటనుండి టార్చిలైటు చట్రము అంచున వేయించిన సందు మెరయును. గాలి వీచునప్పుడు అగరువత్తి పొగ ఎటు వంగునో చూచినను తెలియును. సందు దొరికినచో వదులు ముక్కలు తీసి, బాగుగా తడిపి, సున్నము కలిసిన సిమెంటును రెండు దఫాలుగా దట్టించి, వారము దినములు నీరు పట్టవలెను. క్రొత్తగా గ్రానైటు వేయువారు లోపలి పలకను, బయటి పలకను వేరువేరుగా కోయించి, నడుమ కొయ్య చట్రము వచ్చునట్లు చేసికొనవచ్చును. బయటి పలక వెలుపలికి కొద్దిగా వాలియుండి, దాని క్రింద అంచున నీరు జారుటకు గాడి ఉండవలెను. ఈ మాట మేస్త్రీతో గోడ లేవక ముందే చెప్పవలెను, కూలియు అప్పుడే తేల్చుకొనవలెను.