ధవళగిరి రేవులో ఆడవాళ్ళ మాటలు

కొన్ని ఊళ్ళకి మనం దేవుడి కోసం వెళతాం. కొన్నిటికి చుట్టాల కోసం వెళతాం. ఫలానా నవలలో ఉంది కదా అని ఒక ఊరు చూడ్డానికి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన తెలుగువాళ్ళని మాత్రం నేను వేళ్ళమీద లెక్కపెట్టగలను. సినిమా తీశారంటే సరే! పాపికొండల లాంచీ ఎక్కేవాళ్ళని అడిగి చూడండి, ఏదో ఒక సినిమా పేరు చెప్పకుండా ఉండరు. నవల పేరు చెప్పేవాళ్ళెవరైనా కనిపిస్తే నాకో కార్డు ముక్క రాయండి.

దక్షిణ అమెరికాలో కొలంబియా అని ఒక దేశం ఉంది. దానికి ఉత్తరాన కరీబియన్ సముద్రం. ఆ తీరానికి దగ్గర్లో అరకటాక అని చిన్న ఊరు. పక్కనే అదే పేరుతో ఏరు, చుట్టూ అరటితోటలు, ఎండ, ఉక్క. మన కోనసీమవాళ్ళని తీసుకెళ్ళి అక్కడ దింపితే మొదటి పూట పెద్ద తేడా తెలియదేమో! గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ అనే రచయిత 1927లో ఆ ఊళ్ళో పుట్టాడు. 1967లో ఆయన రాసిన నూరేళ్ళ ఏకాంతం నవలలో ఆ ఊరే మకొండో అన్న మారుపేరుతో వస్తుంది. 1982లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇప్పుడు దేశదేశాల పాఠకులు ఆ చిన్న ఊరికి వెళ్ళి, ఆయన చిన్నప్పుడు పెరిగిన తాతగారింటిని మళ్ళీ కట్టి నిలబెడితే అది చూసి, ఏటి ఒడ్డున కాసేపు కూచుని వస్తున్నారు. 2006లో ఊరిపేరుకి మకొండో అని కూడా తగిలిద్దామా అని ఓట్లు పెట్టారు. కావలసినంతమంది ఓటు వెయ్యడానికి రాకపోవడంతో ఆ సంగతి అక్కడితో ఆగింది. అయినా, ఒక నవల కోసం ఊరు పేరు మార్చుకుందామా అన్న ఆలోచన రావడమే నాకు ముచ్చటేసింది.

మనకీ అలాంటి ఊరొకటి ఉందని చెప్పడానికే ఈ ఉపోద్ఘాతమంతా. రాజమండ్రికి అయిదు మైళ్ళ దిగువన, గోదావరి పాయలుగా చీలేచోట ఉన్న ధవళేశ్వరం.

ధవళేశ్వరం అనగానే మీకు ఆనకట్ట గుర్తొస్తుంది. రావలసిందే. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర కట్టించిన ఆనకట్ట వల్లే డెల్టా డెల్టా అయింది. ఊళ్ళోని కొండనే తొలిచి ఆ రాళ్ళతో కట్టారు. పాత ఆనకట్ట స్థానంలో తర్వాత వచ్చిన బ్యారేజీకి 175 గేట్లు. దానికీ ఆయన పేరే పెట్టారు. గోదావరి స్నానంలో ఆయనకి కూడా దణ్ణం పెట్టుకునేవాళ్ళున్నారు. మ్యూజియం ఉంది, విగ్రహం ఉంది. వర్షాకాలంలో వెళ్ళామంటే పులస దొరికిందా అని అడిగేవాళ్ళూ ఉంటారు. ఇన్ని ఉన్న ఊళ్ళో ఇంకో సంగతి మాత్రం ఎవరికీ పట్టలేదు. తెలుగు నవల కళ్ళు తెరిచింది ఈ రేవులోనే!

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1870లలో ధవళేశ్వరం ఇంగ్లీషు బడిలో హెడ్మాస్టరుగా పనిచేశారు. 1874లో ఇక్కడే ఆడపిల్లలకి ఒక బడి పెట్టారు. అదే ఏడు వివేకవర్ధని పత్రిక మొదలుపెట్టారు. 1878 నుంచి ఆ పత్రికలో రాజశేఖర చరిత్రము వచ్చింది, 1880లో పుస్తకమైంది. అంతకు ముందే 1872లో నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారి శ్రీరంగరాజ చరిత్ర వచ్చింది కనక మొదటి నవల ఏదన్న తగవు పండితుల్లో ఉంది. దాన్ని వాళ్ళకే వదిలేద్దాం. తర్వాతివాళ్ళు చదివి, చూసి, అనుసరించింది మాత్రం రాజశేఖర చరిత్రనే.

కథ మీలో చాలామంది కాలేజీలో చదివే ఉంటారు. రాజశేఖరుడుగారు ధవళగిరిలో కలవారు. భట్రాజుల్లాంటి స్నేహితులు, వచ్చినవాడికి లేదనని చెయ్యి. బంగారం చేసిపెడతానన్న దొంగ సన్యాసి ఉన్న బంగారం కాస్తా పట్టుకుపోతాడు. అప్పులవుతాయి. భార్య మాణిక్యాంబ, కూతుళ్ళు రుక్మిణి, సీత, కొడుకు సుబ్రహ్మణ్యంతో కాశీయాత్రకని బయల్దేరతారు. దారిలో దొంగలు, చెర, మారువేషాలు. చివరికి పెద్దాపురం ప్రభువు దయవల్ల కష్టాలు గట్టెక్కి అందరూ ఇల్లు చేరతారు.

ఎముకల గూడు ఇంగ్లీషువాళ్ళది. గోల్డ్‌స్మిత్ 1766లో అచ్చు వేసిన వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్ చూస్తే ఆస్తి పోయిన మంచి తండ్రి, చనిపోయిందనుకున్న కూతురు, మారువేషంలో తిరిగే ప్రభువు అందులో ఉన్నారు. ఆ కారణంగా మన నవలని తక్కువచేసి మాట్లాడ్డం ఒక పాత అలవాటు. నేను దానితో ఏకీభవించను. పక్కింటి నుంచి తెచ్చిన చీర నమూనా చూసి నేసినా నూలు మనదై, నేత మనదైతే ఆ చీర మనదే. ఈ నవల నూలెక్కడిదో తెలియాలంటే ధవళేశ్వరం వెళ్ళాలి.

ఈమధ్య నేనూ మా తోడికోడలూ పుస్తకం సంచీలో పెట్టుకుని అందుకే వెళ్ళాం. "బ్యారేజీ మీదికా అమ్మా, మ్యూజియానికా?" అన్నాడు ఆటో అబ్బాయి. "ముందు కొండెక్కుతాం బాబూ" అన్నాం. నవల మొదట్లో గోదావరినీ, కొండనీ, గుడినీ పంతులుగారు తీరిగ్గా వర్ణిస్తారు. మెట్లెక్కి జనార్దనస్వామిని దర్శనం చేసుకుని కిందికి చూస్తే ఆ వర్ణన ఎక్కడ నిలబడి రాశారో తెలిసిపోతుంది. అంత నది! ఎదర ఒడ్డు కళ్ళకి ఆనదు. మా తోడికోడలు "అక్కా, ఈయన గోదావరిని పుస్తకాల్లో చూసి రాయలేదే!" అంది. నేను నాలుగు పేజీల్లో చెప్పబోయే విమర్శ ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

తర్వాత రేవులోకి దిగాం. నవల్లో నాకు ఎప్పుడూ బాగా నచ్చే చోటు రేవే. స్నానానికొచ్చిన ఆడవాళ్ళు నగల గురించి, అత్తల గురించి, మొగుళ్ళ గురించి చెప్పుకుంటారు. భాష గ్రాంథికమే. కానీ మాట తీరు ఉందే, అది మాత్రం అచ్చంగా రేవుది. ఒకావిడ మొదలుపెట్టడం, రెండో ఆవిడ దాన్ని పెంచడం, మూడో ఆవిడ అందులో ఒక పుల్ల వెయ్యడం! ఆ పూట మా పక్కన బట్టలు జాడించుకుంటున్న ఇద్దరిలో పెద్దావిడ, "మా పెద్దోడు బెంగుళూరొచ్చెయ్యమంటన్నాడు, గోదారి లేనూళ్ళో నేనేం చేత్తానే?" అంటోంది. పెద్దాపురం ప్రభువుల కాలంనాటి కథ, దాన్ని రాసి కూడా నూటయాభై ఏళ్ళు కావస్తోంది. ఆ గొంతు మాత్రం పుస్తకంలోంచి లేచివచ్చినట్టే ఉంది.

ఇక్కడే పంతులుగారితో నాకొక పేచీ ఉంది.

ఆయన ఆ మాటల్ని రాసింది ముచ్చటపడి కాదు, మందలించడానికి. చదువు లేకపోతే ఆడవాళ్ళు ఇలా పొద్దు పుచ్చుతారు సుమా అని చూపించడానికి. అలాగే తీర్థంలో కాసులపేరు పోతే సోదె అడగడం, జోస్యం, భూతవైద్యం, రసవాదం, ఒక్కొక్క మూఢత్వాన్నీ నిలబెట్టి చీవాట్లు పెట్టారు. చీవాట్లు సబబైనవే. ఐతే నవల చదువుతుంటే ఒక తమాషా జరుగుతుంది. పంతులుగారు బెత్తం పుచ్చుకుని నీతి చెప్పే పేజీలు త్వరగా తిరగేస్తాం. ఆయన బెత్తం పక్కన పెట్టి విన్నది విన్నట్టు రాసిన పేజీల దగ్గర ఆగిపోతాం. దిద్దుదామని తెచ్చిన మాటలే నవలకి ప్రాణం పోశాయి. దిద్దిన మాటలు పాఠ్యపుస్తకంలో ఉండిపోయాయి.

రుక్మిణినే చూడండి. నవల మొత్తంలో ఎక్కువ కష్టాలు పడ్డది ఆ పిల్లే. భర్త పోయాడని కబురొస్తుంది. దొంగల దెబ్బకి చచ్చిపోయిందనుకుని సొంతవాళ్ళే అడవిలో వదిలేసి వెళ్ళిపోతారు. ఆమె లేచి, మగవేషం వేసుకుని, ఒంటరిగా దారి వెతుక్కుంటూ వస్తుంది. ఎంత గొప్ప సందర్భమండీ! ఒక ఆడపిల్ల తన ఇష్టప్రకారం రోడ్డుమీద నడవాలంటే ముందు లోకానికి చచ్చిపోవాలి, తర్వాత మగవాడైపోవాలి. కానీ ఆ నడకలో ఆమె ఏమనుకుందో, చీకట్లో ఏం భయపడిందో, భయం తీరాక ఏ క్షణాన్నయినా హాయిగా అనిపించిందో ఆయన లోపలికి వెళ్ళి చూడలేదు. వేషం బయటపడగానే మళ్ళీ అమ్మాయిని చేసి అప్పగించేశారు. పోయాడనుకున్న భర్త కూడా తిరిగొస్తాడు. కథ సుఖాంతం. వితంతువులకి మళ్ళీ పెళ్ళిళ్ళు చెయ్యడానికి జీవితమంతా ధారపోసిన మనిషి తన నవల్లో మాత్రం మొగుణ్ణి బతికించి సమస్య తప్పించారు.

అరకటాక రచయిత సంగతి మళ్ళీ గుర్తు చేసుకుందాం. చిన్నప్పుడు అమ్మమ్మ తనకి దయ్యాల కథలూ, శకునాలూ కళ్ళార్పకుండా నిజంలా చెప్పేదనీ, తన నవలకి కావలసిన గొంతు ఆవిడ దగ్గరే దొరికిందనీ మార్క్వెజ్ చెప్పుకున్నాడు. అక్కడ అమ్మమ్మ మాట గురువైంది. ఇక్కడ అమ్మలక్కల మాట ముద్దాయి అయింది. రెండు ఊళ్ళూ వేడి ఊళ్ళే, రెండూ ఏటి ఒడ్డువే. తేడా వినే చెవిలో ఉంది.

ఈ తేడా మనదాకా వచ్చింది. పంతొమ్మిదివందల అరవై, డెబ్భైల్లో వారపత్రికల్లో ఆడవాళ్ళు వరసగా నవలలు రాస్తుంటే "వంటింటి సాహిత్యం", "సీరియల్ సరుకు" అని పెదవి విరిచినవాళ్ళు ఎంతమందో! వాళ్ళకి ఒక్కమాట గుర్తు చెయ్యాలనిపిస్తుంది. మన నవలకి ఆది అని మీరు నెత్తిన పెట్టుకునే పుస్తకం కూడా పత్రికలో సీరియల్‌గా వచ్చిందే. అందులో ఇంకా వాడకుండా ఉన్నది ఆడవాళ్ళ కబుర్లే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆడపిల్లకి చదువెందుకన్న రోజుల్లో ఈ ఊళ్ళో బడి పెట్టిన మనిషి ఆయన. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మొహం చాటేస్తే భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోశారని చెబుతారు. నేను ఈ నాలుగు ముక్కలు రాయగలగడం, మీరు మధ్యాహ్నం పనయ్యాక చదవగలగడం, ఆ బడిలో పలక పట్టిన పిల్లల దగ్గర మొదలైన సంగతే. అందుకే పేచీ. పరాయివాళ్ళతో మనం పేచీ పెట్టుకోం. మనకి అక్షరం ఇచ్చి, మన మాట అక్షరమయ్యాక ఏం చెబుతుందో వినడానికి ఆయన అంతగా ఆగలేదు. మిగతాది చెప్పాల్సింది మనమే. రుక్మిణి ఆ అడవిదారిలో ఏమనుకుందో ఒక ఆడమనిషి కూచుని ఇప్పుడైనా రాయొచ్చు.

2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. మీలో చాలామంది రాజమండ్రి రాక మానరు. ధవళేశ్వరం వెళ్ళకా మానరు. బ్యారేజీ చూడండి, కాటన్ దొరకి దణ్ణం పెట్టండి. వెళ్ళేముందు మాత్రం రాజశేఖర చరిత్రలో మొదటి రెండు మూడు ప్రకరణాలు చదువుకోండి. గ్రాంథికమని భయపడకండి, పది పేజీలు దాటితే అలవాటైపోతుంది. ఊళ్ళో దిగాక ముందు కొండెక్కి, తర్వాత రేవులోకి దిగి, మెట్లమీద ఓ పావుగంట కూచోండి. పక్కన ఎవరో ఇద్దరు ఆడవాళ్ళు ఏదో చెప్పుకుంటూనే ఉంటారు. మీరు కల్పించుకోకండి, వినండి.