మంద్రంలో పాడిన మనిషి

బేస్ గిటార్ వాయించేవాడు సొంతంగా ఆల్బమ్ చేస్తున్నాడంటే వినేవాళ్లకి మొదట కలిగేది అనుమానమే. ఇన్నాళ్లూ వెనక నిలబడ్డ మనిషికి ముందు వరస దొరికింది, ఇక వేళ్ల వేగమంతా చూపించి మన ఓపికని పరీక్షిస్తాడేమో అనిపిస్తుంది. అలాంటి ఆల్బమ్‌లు నిజంగానే చాలా వచ్చాయి. 1975 నవంబరులో విడుదలైన క్రిస్ స్క్వైర్ ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’ మాత్రం ఆ దారిన పోలేదు. సుమారు నలభై రెండున్నర నిమిషాల ఈ సంగీతంలో బేస్ తన ప్రతాపం చాటుకోవడానికని పాటని ఎక్కడా ఆపదు. అయినా ఆల్బమ్ మొత్తం బేస్ చెప్పినట్టే నడుస్తుంది. ప్రోగ్రెసివ్ రాక్ బేసిస్టులు సొంతంగా చేసిన ఆల్బమ్‌లలో దీనికి సాటి మరొకటి లేదని నా గట్టి నమ్మకం.

స్క్వైర్ 1968లో జాన్ ఆండర్సన్‌తో కలిసి లండన్‌లో యెస్ అనే ప్రోగ్రెసివ్ రాక్ బృందాన్ని మొదలుపెట్టాడు. 2015లో కన్నుమూసేదాకా ఆ బృందం తెచ్చిన ప్రతి స్టూడియో ఆల్బమ్‌లోనూ వాయించాడు. మూడు నిమిషాల పాట చట్రాన్ని వదిలి, శాస్త్రీయ సంగీతంలోలా పెద్ద పెద్ద నిర్మాణాలు కట్టాలని బ్రిటన్ రాక్ కళాకారులు ఉత్సాహపడుతున్న కాలమది. ‘రిలేయర్’ ఆల్బమ్ తర్వాత యెస్ సభ్యులు అయిదుగురూ తలా ఒక సొంత ఆల్బమ్ చేయాలనుకున్నారు, చేశారు కూడా. వాటిలో ఇప్పటికీ వన్నె తగ్గనిది స్క్వైర్‌దే. స్నానాల గదిలో గంటలకొద్దీ గడుపుతాడని తోటివాళ్లు పెట్టిన ‘ఫిష్’ అనే ముద్దుపేరునే ఆల్బమ్ పేరులోకి తెచ్చుకున్నాడు.

ఈ ఆల్బమ్ మర్మం తెలియాలంటే అతని చిన్నతనం దగ్గరికి వెళ్లాలి. స్క్వైర్ 1948లో వాయవ్య లండన్‌లోని కింగ్స్‌బరీలో పుట్టాడు. అక్కడి సెయింట్ ఆండ్రూస్ చర్చిలో బ్యారీ రోజ్ అనే గురువు దగ్గర కాయర్‌లో పాడాడు. ఆంగ్లికన్ చర్చి బృందగానంలో అందరూ ఒకే బాణీ పాడరు. నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు దారుల్లో నడుస్తూ, అడుగడుగునా ఒకదానితో ఒకటి పొసగుతూ పోతాయి. అన్నిటికంటే కిందున్న గొంతుది కూడా సొంత పాటే. పై గొంతు పైకి పోతుంటే అది కిందికి దిగుతుంది, పై గొంతు నిలిస్తే ఇది కదులుతుంది. రోజూ ఇది వింటూ పెరిగిన పిల్లవాడు బేస్ చేతపట్టాక, ఒక్కో లెక్కకి ఒక్కో స్వరం చొప్పున డ్రమ్స్ వెంట నడిచి ఊరుకుంటాడా? స్క్వైర్ బేస్‌లో నేను వినేది ఆ కాయర్‌లోని కింది గొంతునే.

ఇళయరాజా పాటలు వింటూ పెరిగిన తెలుగువాళ్లకి ఇదేమీ కొత్త కాదు. ఆ పాటల్లో చాలాచోట్ల పల్లవి కింద బేస్ గిటార్ మరో బాణీ పాడుతూ ఉంటుంది. పాట గుర్తొస్తే అదీ వెంట గుర్తొస్తుంది.

అయితే కింది గొంతు సొంత పాట పాడితే సరిపోదు, అది వినపడాలి కూడా. రాక్ బృందంలో ఎలక్ట్రిక్ గిటార్లు, ఆర్గన్, డ్రమ్స్ కలిసి మోగుతుంటే బేస్ గిటార్ ఛాతీకి తగిలే అదురుగా మిగిలిపోతుంది. స్క్వైర్ దీనికి ఉపాయం సాధించాడు. 1965 ప్రాంతంలో లండన్‌లోని బూసీ అండ్ హాక్స్ వాద్యాల దుకాణంలో పనిచేస్తూ, ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకి ఒక రికెన్‌బేకర్ బేస్ కొనుక్కున్నాడు. జీవితాంతం అదే అతని ప్రధాన వాద్యం. కొత్త రంగులు వేయించడానికి మళ్లీ మళ్లీ గీకించడంతో దాని చెక్క కూడా పలచబడింది. ఆ వాద్యంలో తీగల అదురుని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లు రెండుంటాయి. మెడ వైపున్నది నిండైన మంద్రాన్ని పట్టుకుంటే, బ్రిడ్జి వైపున్నది తీగ మీటినప్పటి పదునుని పట్టుకుంటుంది. స్క్వైర్ ఈ రెంటినీ విడదీసి వేర్వేరుగా ఆంప్లిఫయర్లకి పంపేవాడు. మంద్రాన్ని స్వచ్ఛంగా ఉంచి, పైధ్వనికి మాత్రం ఎలక్ట్రిక్ గిటార్‌కిచ్చే గరుకుదనం ఇచ్చేవాడు. ఒక్క మనిషి మీటుతుంటే ఇద్దరు వాయిస్తున్నట్టు వినిపించేది.

ఇక చేతి పని. బేసిస్టుల్లో చాలామంది వేళ్లతో మీటుతారు. స్క్వైర్ పిక్ అనే చిన్న పలక వాడేవాడు. దాని కొస కొద్దిగా మాత్రమే బయటికి కనపడేలా పట్టుకుని, పిక్ తీగకి తగిలీ తగలగానే బొటనవేలి కండ కూడా తాకేలా మీటేవాడు. పిక్ ఇచ్చే ఖంగుమనే మొదలు, వెంటనే కండ తాకడం వల్ల పైకి తేలే అనుస్వరం, రెండూ కలిసి ప్రతి స్వరానికీ ఒక అంచు వస్తుంది. పైన తీగె చుట్టిన రోటోసౌండ్ తీగల మెరుపు దానికి తోడు. అందుకే యెస్ పాటల్లో ఎంత రద్దీ ఉన్నా ఆ బేస్‌ని పోల్చుకోవచ్చు.

సొంత ఆల్బమ్‌కి వచ్చేసరికి అతను మరో సాహసం చేశాడు. లీడ్ గిటార్‌ని దాదాపుగా తీసేశాడు. తను వాయించిన పన్నెండు తీగల గిటార్ తప్ప చెప్పుకోదగ్గ గిటార్ వాద్యం ఇందులో లేదు. రాక్‌లో ఇది చిన్న విషయం కాదు. ధ్వని మధ్యభాగాన్ని ఆక్రమించుకునే వాద్యం తప్పుకుంటే అక్కడ ఖాళీ ఏర్పడుతుంది. పదునైన పైధ్వని ఉన్న స్క్వైర్ బేస్ ఆ ఖాళీలోకి దర్జాగా ఎక్కి కూర్చుంది. దానిపైన పైప్ ఆర్గన్, పియానో, ఫ్లూట్, సాక్సోఫోన్, ఆర్కెస్ట్రా. వాద్యగోష్ఠి రాసి నిర్వహించింది ఆండ్రూ ప్రైస్ జాక్‌మన్, చిన్నప్పుడు చర్చిలో స్క్వైర్ పక్కన పాడిన స్నేహితుడే. మొదటి పాట ‘హోల్డ్ అవుట్ యువర్ హ్యాండ్’ని ఎత్తుకునేది లండన్ సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌లోని పైప్ ఆర్గన్. వాయించింది మరెవరో కాదు, కాయర్ గురువు బ్యారీ రోజే. ఆర్గన్ గంభీరంగా తెర తీస్తుంటే బేస్ దూకుడుగా వచ్చి పడుతుంది. గొంతు అందుకునేలోపే బేస్ తన బాణీని మన చెవిలో నాటేస్తుంది. పాట ఆగకుండానే ‘యు బై మై సైడ్’లోకి జారుకుంటుంది. అది పియానో మీద సాగే ప్రేమపాట, మధ్యలో ఫ్లూట్. హాయిగా ఉంటుంది, అంతకుమించి చెప్పడానికేమీ లేదు.

‘సైలెంట్‌లీ ఫాలింగ్’ దగ్గర ఆల్బమ్ లోతు పెరుగుతుంది. సుషిర వాద్యాల మెత్తటి పలుకులతో మొదలై, మధ్యలో ఆర్గన్, డ్రమ్స్, బేస్ ముప్పేటగా ఉరికే భాగానికి చేరుతుంది. 1972లో యెస్‌ని వదిలి కింగ్ క్రిమ్సన్ బృందానికి వెళ్లిన బిల్ బ్రూఫర్డ్ ఇక్కడ డ్రమ్స్ మీద పాత మిత్రుడికి తోడొచ్చాడు. అతని స్నేర్ దెబ్బ ఎంత బిగువుగా పడుతుందో వింటే ఈ జంట తొలి యెస్‌కి ఎందుకు ప్రాణమో అర్థమవుతుంది. ఆర్గన్ మీద అప్పటి యెస్ సహచరుడు పాట్రిక్ మొరాజ్. చివరి నిమిషాల్లో వేగమంతా దిగిపోయి, ఒకే విషాద స్వరపంక్తి మళ్లీ మళ్లీ వస్తూ నెమ్మదిగా సాగుతుంది. యెస్‌లో ఎక్కువగా ఆండర్సన్ గొంతుకి జతగా పాడిన స్క్వైర్ ఇక్కడ ఒంటరిగా పాడతాడు. పెద్ద గాయకుడేమీ కాదు, కానీ నిజాయితీగల గొంతు. తన గొంతునే పొరలు పొరలుగా రికార్డు చేసి తనకి తానే కాయర్ అయ్యాడు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ‘లక్కీ సెవెన్’. పేరుకి తగ్గట్టు ఏడు లెక్కల నడక. మిశ్రచాపుకి తాళం వేయడం అలవాటైన చేతులు దీన్ని ఇట్టే పట్టుకుంటాయి. బేస్, మెల్ కాలిన్స్ సాక్సోఫోన్ ఇందులో నువ్వొకటంటే నేనొకటంటాను అన్నట్టు మాట్లాడుకుంటాయి. ఏడో లెక్క తర్వాత తడబాటు రావాల్సిన చోట బేస్ స్వరాలని అవలీలగా తిప్పేసి మళ్లీ మొదటికి తెస్తుంది. లెక్క కష్టమైనదని వినేవాడికి తెలియనీయకపోవడమే ఇందులో విద్వత్తు.

చివరిది ‘సేఫ్ (కానన్ సాంగ్)’, పదిహేను నిమిషాలకి కాస్త తక్కువ. కానన్ అంటే ఒక గొంతు ఎత్తుకున్న బాణీనే కొంత ఆగి మరో గొంతు ఎత్తుకోవడం, మొదటిది సాగుతుండగానే రెండోది దాని మీద పడి పొసగడం. చర్చి సంగీతానికి ఇది పాత విద్యే. స్క్వైర్, జాక్‌మన్ దీన్ని రాక్ బేస్‌కి, ఆర్కెస్ట్రాకి మధ్య నడిపించారు. చిన్న స్వరపంక్తి పలుమార్లు తిరిగొస్తూ, వచ్చిన ప్రతిసారీ వాద్యాలని కూడగట్టుకుంటూ పెరుగుతుంది. రెండో సగం కొంచెం సాగినట్టు అనిపించే మాట నిజమే. రెండు మూడు నిమిషాలు కత్తిరించినా నష్టం లేదు. కానీ ఆర్కెస్ట్రా అంతా మోగుతున్న వేళ కూడా కిందనున్న బేస్ మునిగిపోకుండా తన దారిన తను పోవడం వింటే ఆ ఫిర్యాదు నిలవదు.

ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 25వ స్థానానికి, అమెరికా పట్టికలో 69వ స్థానానికి చేరింది. ఒక బేసిస్టు పేరు మీద వచ్చిన దానికి అది మంచి ఆదరణే. తర్వాత స్క్వైర్ ఇతరులతో కలిసి కొన్ని పనులు చేసినా, ఇంత పూర్తిగా తనదైన రాక్ ఆల్బమ్ మళ్లీ చేయలేదు. 2007లో సొంత పేరుతో తెచ్చిన క్రిస్మస్ ఆల్బమ్‌లో మాత్రం బృందగానమే ప్రధానం. కాయర్‌లో మొదలైన మనిషి చివరిదాకా కాయర్‌ని వదల్లేదు.

2018లో జాకో జాక్‌జిక్ ఈ ఆల్బమ్‌ని కొత్తగా మిక్స్ చేశాడు, అదీ బాగుంటుంది. ఏది విన్నా ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి, అందులో మంద్రం సగం కూడా పలకదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘లక్కీ సెవెన్’తో మొదలుపెట్టండి. మొదటిసారి పాటంతా వినండి. రెండోసారి గొంతుని, సాక్సోఫోన్‌ని పక్కన పెట్టి ఒక్క బేస్ వెంటే నడవండి.